రాత్రియెల్ల ఫోనును ఛార్జింగునం దుంచవచ్చునా?



సంధ్యవేళ దీపపుబుడ్డిలో నూనె చూచుకొని, వత్తి సవరించి, చిమ్నీ తుడిచి పెట్టుట మన అమ్మమ్మల నాటి నిత్యకృత్యము. నేడు మీట నొక్కినంతనే వెలుగు వచ్చుచున్నది గాని, ఆ నిత్యకృత్యము వేఱొక రూపమున మరల మన చేతికే వచ్చినది. రాత్రి భోజనములైన పిదప వంటయిల్లు సర్ది, పాలు తోడువేసి, గ్యాసు కట్టివేసి, తలుపు గడియలు చూచుకొని, పండుకొనబోవుటకు ముందు ఇంటిలోని ఫోనుల నన్నిటిని ఛార్జింగునకు పెట్టుట యిప్పుడు గృహిణి పనులలో నొకటి యైనది. ఇట్లు పెట్టిన ఫోనును తెల్లవారువఱకు నట్లే విడిచిపెట్టవచ్చునా, లేక నడిరేయి లేచి తీయవలయునా యను సందేహము పలువురు సోదరీమణులకు కలుగుచున్నది. ఈ మాసమున దానిని గూర్చియే విచారింతము.

ఈ విషయమున లోకమున మూడు మాటలు వినబడుచున్నవి. రాత్రియెల్ల ఛార్జింగునం దున్నచో కరెంటు మితిమీరి యెక్కి బ్యాటరీ పేలునని కొందఱు భయపెట్టుదురు. నేటి ఫోనులు తెలివిగలవి, నిండగనే తమంతట తామే యాపుకొనును, ఏమియు భయము లేదని కొందఱు కొట్టివేయుదురు. పేలుట మాట యటుండనిండు, కరెంటు బిల్లు పెరుగునని మఱికొందఱు గొణుగుదురు. వీనిలో మొదటిది చాలవఱకు తప్పు. రెండవది సగము నిజము. మూడవది లెక్క చూడక పలికిన మాట. ఎట్లో క్రమముగా మనవి చేసెదము.

ఇంత చిన్న వస్తువును గూర్చి యింత విచార మేల యని యెవరైన ననవచ్చును. వస్తువు చిన్నదే గాని, నేడు సంసారము చాలభాగము దానిలో నున్నది. బ్యాంకునుండి వచ్చు సంకేతసంఖ్య దానికే వచ్చును. గ్యాసు బండకు కబురు పంపుట దానితోనే. పరదేశమున నున్న కుమారుని ముఖము తల్లి చూచుకొనునది దానిలోనే. నడిరేయి ఇంట నెవరికైన నొంట్లో బాగులేనిచో 108కి పిలుచుటకు చేత నుండవలసినది అదియే. అట్టి ఫోను కొన్న రెండేండ్లకే మధ్యాహ్నము మూడుగంటలకు చల్లబడి పోయినచో, "ఇది పాడైనది, క్రొత్తది కొనవలయు" నని ఇంటిలో మాట బయలుదేరును. పాడైనది ఫోను కాదు, దానిలోని బ్యాటరీ మాత్రమే. ఒక ఉపాధ్యాయుని జీతములో క్రొత్త ఫోను ఖరీదు ఎంత భాగమో మా వంటి వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ముందుగా బ్యాటరీ స్వరూపము తెలిసికొందము. ఫోనులలో నుండునది లిథియం అయాన్ బ్యాటరీ. లిథియము లోహములన్నిటిలో మిక్కిలి తేలికయైనది. 1970 దశకమున స్టాన్లీ విటింగ్‌హామ్ అను శాస్త్రజ్ఞుడు దీనితో బ్యాటరీ చేయుమార్గమును కనుగొనెను. కాని శుద్ధలిథియము నుపయోగించుటచే నది నిప్పంటుకొను స్వభావము గలదయ్యెను. 1980లో జాన్ గుడినఫ్ కోబాల్టు భస్మము నుపయోగించి దాని శక్తిని నాలుగు వోల్టులవఱకు పెంచెను. 1985లో జపాను దేశీయుడగు అకీరా యోషినో శుద్ధలిథియమునకు మాఱు బొగ్గుజాతి పదార్థమును పెట్టి దానిని నిరపాయమొనర్చెను. 1991లో సోనీ సంస్థవారు దానిని అంగడికి తెచ్చిరి. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమాన మొసగబడెను. అప్పటికి గుడినఫ్ గారి వయస్సు 97 సంవత్సరములు.

ఈ బ్యాటరీలో రెండు ప్రక్కలున్నవి. ఒక ప్రక్క లోహభస్మము, రెండవ ప్రక్క గ్రాఫైటు, అనగా పెన్సిలు ములికిలో నుండు నల్లని పదార్థము. ఛార్జింగునకు పెట్టినపుడు లిథియపు కణములు మొదటి ప్రక్కనుండి బయలుదేరి గ్రాఫైటు పొరలలో వచ్చి కూర్చుండును. ఫోను వాడునపుడు మరల వెనుకకు పోవును. పెండ్లిపందిరిలో భోజనపు పంక్తిని తలచుకొనుడు. విస్తళ్లు వేయగనే ముందు వచ్చినవారు చకచక కూర్చుందురు. సగము పంక్తి నిండిన పిదప ఖాళీ యెక్కడ నున్నదో వెదకి, ఇటు జరుగుడు, అటు జరుగుడు అని కూర్చుండబెట్టవలసి వచ్చును. చివరి నలుగురను సర్దుటకు పట్టు ప్రొద్దు మొదటి నలువదిమందిని కూర్చుండబెట్టుటకు పట్టదు. అందుచేతనే ఫోను మొదటి సగము త్వరగా నిండి, 80 శాతము దాటిన పిదప మందగించును. అది లోపము కాదు. లోపలి యేర్పాటు వోల్టేజీని ఒక హద్దున నిలిపి, ప్రవాహమును క్రమముగా తగ్గించుకొని వచ్చుటయే దానికి కారణము.

హద్దు చేరి ప్రవాహము మిక్కిలి సన్నగిలినంతనే ఆ యేర్పాటు దానిని ఆపివేయును. కనుక సరియైన ఫోనులో బిందె నిండి పొర్లినట్లు కరెంటు పొర్లుట యన్నది లేదు. రాత్రి యంతయు ఎక్కుచునే యుండు నను భయము నిరాధారము. ఆ పిదప ఫోను తన పనులకు కొంచెము ఖర్చు చేసికొన్నపుడు ఆ కొంచెము మాత్రము మరల నింపుకొనుచుండును. ఇంతవఱకు రెండవ పక్షమువారి మాట నిజమే.

అయితే వారు విడిచిన సగము వేఱొకటి గలదు. మన పురాణములలోని వీరులు యుద్ధము లేని వేళ వింటి నారిని దించి యుంచెడివారు. నారి యెక్కించినంత మాత్రమున విల్లు విఱిగిపోదు. కాని రేయింబవళ్లు ఎక్కుపెట్టియే యుంచినచో వెదురు తన బిగువును క్రమముగా కోలుపోవును. నూటికి నూఱు నిండిన బ్యాటరీ అట్టి విల్లే. నిండుస్థితిలో దానిలోని వోల్టేజీ మిక్కిలి హెచ్చుగా నుండును. ఆ స్థితిలో ఎంతకాల మున్న నంతగా లోపలి పదార్థములు అలసట పొందును.

ఆ అలసట యెట్టిదో మన వంటయింటినుండియే చెప్పుకొనవచ్చును. గ్రాఫైటుమీద మొదటి దినములలోనే యొక సన్నని పొర కట్టును. అది మేలే, లోపలిదానిని కాపాడును. కాని కాలము గడచినకొలది ఆ పొర దళసరియగుచుండును. పాలు కాచునపుడు గిన్నె యడుగున కొంత యంటుకొనును గదా! అంటిన పాలు మరల మనకు దక్కవు. అట్లే ఆ పొరలో చిక్కుకొనిన లిథియము మరల పనికి రాదు. మంట పెద్దదియైనచో పాలు త్వరగా అడుగంటును. బ్యాటరీకి ఆ మంట రెండు విధములు: ఒకటి నిండుస్థితి, రెండవది వేడి. రెండును కలిసినచో చెప్పనేల!

ఒక చిన్న లెక్క చూడుడు. రాత్రి పదిగంటలకు ఛార్జింగునకు పెట్టిన ఫోను ఒంటిగంటకు నిండినదనుకొందము. ఉదయ మాఱుగంటలకు తీసినచో అయిదుగంటలు నిండుస్థితిలో నున్నది. ఏడాదికి 1825 గంటలు. అనగా 76 దినములు. ఇది యొక్కరాత్రిలో కనబడు నష్టము కాదు, ఒక్క సంవత్సరములో ఫోనును చంపునదియు కాదు. నాలుగైదేండ్లు వాడుకొనవలెనని కొనుక్కొన్న ఫోనునకు మాత్రము ఆలోచింపదగినది.

ఇక వేడి మాట. ఆపిల్ సంస్థవారు తమ ఫోనులను 0 నుండి 35 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు గల ఉష్ణోగ్రతలో వాడవలయునని చెప్పుచున్నారు. 35 డిగ్రీలు దాటిన వేడి బ్యాటరీ శక్తిని శాశ్వతముగా తగ్గింపవచ్చునని హెచ్చరించుచున్నారు. మన రెంటచింతలలోను, రామగుండములోను వేసవి నడుమ ఎండ 45 డిగ్రీలు తాకుట యందఱెఱిగినదే. రాత్రియైనను డాబాయింటి గోడలు సెగలు గ్రక్కుచునే యుండును. ఛార్జింగు అగునపుడు ఫోను తానుగా కొంత వేడెక్కును. దానికి దట్టమైన రబ్బరు తొడుగు వేసి, పరుపుమీద పెట్టి, పైన దుప్పటి కప్పినచో, జ్వరపడిన బిడ్డకు కంబళి కప్పి పొయ్యి ప్రక్కన పండబెట్టినట్లే యగును. రాత్రియెల్ల తీగె తగిలియుండుటకంటె ఈ వేడియే బ్యాటరీకి పెద్ద శత్రువు. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

మా యెఱుకలో నొక యిల్లాలు కలదు. ఆమె రెండేండ్లపాటు ప్రతిరాత్రియు ఒంటిగంటకు అలారము పెట్టుకొని లేచి, ఇంటిలోని మూడు ఫోనుల తీగెలను తీసి మరల పండుకొనెడిది. తెల్లవారుజామున నాలుగున్నరకు మరల పాలకొఱకు లేవవలసినదే. ఇంత చేసినను ఆమె ఫోను రెండవ యేటనే బలము తగ్గి, మధ్యాహ్నమునకే మరల తీగెకు వ్రేలాడవలసి వచ్చెను. కారణమేమని విచారింపగా, పగలెల్ల ఆ ఫోను వంటయింటిలో గ్యాసుపొయ్యి ప్రక్క గట్టుమీద దట్టపు తొడుగుతో నుండెడిది. వంటల చిత్రములు చూచుచు, పాటలు వినుచు, అచ్చటనే ఛార్జింగునకును పెట్టెడిది. రాత్రి ఒక గంట నిద్ర చెఱచుకొని కాపాడినదానిని పగటివేడి తినివేసెను. ఆమె శ్రమకు మేము జాలిపడితిమి. ఇంటిలో నిద్ర చెడుట మన వంతే కావలయునా? ఆ ఫోనులవారిలో నెవరును లేచి తీసినవారు కారు.

ఇచ్చట మఱియొక భ్రమను తొలగింపవలసియున్నది. "ఫోను పూర్తిగా చచ్చువఱకు వాడి, అప్పుడు నూఱువఱకు నింపవలయు" నని పెద్దవారు కొందఱు చెప్పుచుందురు. అది ఇరువది ముప్పదియేండ్ల క్రిందటి నికెలు కాడ్మియము బ్యాటరీలను గూర్చిన మాట. అవి సగములో నింపినచో ఆ సగమునకే యలవాటుపడెడివి. లిథియము బ్యాటరీకి ఆ గుణము లేదు. పైగా పూర్తిగా ఖాళీయగుట దానికి మంచిది కాదు. కొంచెము కొంచెముగా పలుమార్లు తినుట దానికి హితము. 50 శాతము చొప్పున రెండుసార్లు నింపినచో ఒక చుట్టుగానే లెక్కకు వచ్చును గాని రెండుచుట్లుగా రాదు. కనుక ఎప్పుడు పెట్టినను చుట్టు వృథా యగునను భయము వలదు.

ఇన్వర్టరు బ్యాటరీ ధర్మము దీనికి సరిగా విపరీతము. అది సీసమును, గంధకామ్లమును గలది. దానిని ఖాళీగా విడిచినచో పలకలమీద గట్టిపొర కట్టి చెడును. నిండుగా నుంచుటయే దానికి మేలు. ఒకే యింట నత్తగారికి ఉపవాసము, బాలెంతరాలికి పథ్యము ఉన్నట్లు, ఈ రెండు బ్యాటరీలకు వేఱువేఱు నియమములు. ఒకదాని మందు రెండవదానికి వేయరాదు. ఇన్వర్టరు అమ్మువాడు చెప్పిన మాట ఫోనునకు వర్తింపజేయుటచేతనే యీ గందరగోళము చాలవఱకు పుట్టినది.

నడిరేయి లేవనక్కఱ లేకుండ ఫోను చేసినవారే యొక సదుపాయ మేర్పఱచిరి. ఆపిల్ వారు 2019లో తమ ఫోనులలో, మన నిద్రవేళ లెఱిగి 80 శాతము వద్ద నిలిచి, లేచువేళకు మిగిలిన 20 శాతమును నింపుకొను పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2023లో వచ్చిన ఐఫోను 15 మొదలుకొని 80 శాతము వద్దనే పూర్తిగా నిలిపివేయు వీలును కల్పించిరి. గూగుల్ వారి పిక్సెల్ ఫోనులలో అడాప్టివ్ ఛార్జింగ్ అనుపేరను, సాంసంగ్ ఫోనులలో బ్యాటరీ ప్రొటెక్షన్ అనుపేరను ఇట్టివే యున్నవి. ఇతర ఫోనులలో పేరు మాఱవచ్చును. సెట్టింగ్స్ తెఱచి, బ్యాటరీ యను చోట చూచినచో చాలవానిలో కనబడును. ఒక్కసారి వ్రేలితో నొక్కినచో చాలును. ఆ దినమునుండి మీ యలారపుపని ఫోనే చేసికొనును. ఇంటిపట్టున నుండు వారికి 80 శాతము దినమంతయు సరిపోవుట చాలవఱకు సంభవమే. ప్రయాణమునాడు నూఱువఱకు నింపుకొనుటలో దోషము లేదు. ఉగ్గాణములోని నేతిని నిత్యము పొదుపుగా వాడినను పండుగనాడు చేయి సడలింపమా?

ఆ సదుపాయము లేని పాత ఫోను గలవారు వేళను మార్చుకొనవచ్చును. సాయంకాలము వంట యగునంతసేపు, వంటయింట గాక చల్లని గదిలో, కంటికి కనబడుచోట పెట్టి, పండుకొనబోవుటకు ముందు తీసివేయుడు. రాత్రి తప్పనిసరియైనచో త్వరగా నింపు పెద్ద ఛార్జరుకంటె నెమ్మదిగా నింపు చిన్న ఛార్జరు మేలు. అది తక్కువ వేడి పుట్టించును; పైగా నిండుటకు ఆలస్యమగును గనుక నిండుస్థితిలో నుండు గంటలును తగ్గును. తీగె లేకుండ పీటమీద పెట్టి నింపు పద్ధతి వేడిని హెచ్చించును గనుక వేసవిలో దానిని మానుట మంచిది.

ఇంతవఱకు బ్యాటరీ ఆయుర్దాయము మాట. ఇకమీదట ప్రాణముల మాట. దీనిని మఱింత శ్రద్ధతో వినవేడుచున్నాము. ఫోనును దిండుక్రింద పెట్టుకొని ఛార్జింగునం దుంచి నిద్రించుట యెన్నడును తగదు. ఇంటి దీపమని ముద్దిడుకొన్నచో మూతి కాలక మానదు. దూదిదిండు వేడిని బయటకు పోనీయదు. లోపలి యేర్పాటు సరిగా నున్నంతకాలము ఏమియు కాకపోవచ్చును. కాని తయారీలోనే లోపమున్నచో, క్రింద పడి లోపల దెబ్బతిన్నచో, బ్యాటరీలోని రెండు ప్రక్కలు తగులుకొని మంట పుట్టుట సంభవము. 2016లో సాంసంగ్ వారు తమ గెలాక్సీ నోట్ 7 అను ఫోనులను లోకమంతటినుండి వెనుకకు తెప్పించుకొనుటకు బ్యాటరీలోని అట్టి లోపములే కారణము. ఋణశేషము, శత్రుశేషము, అగ్నిశేషము మిగుల్చరాదని మన పెద్దలు చెప్పుదురు. పండుకొనుచోట, పసిబిడ్డ తలవద్ద, అగ్నికి అవకాశ మేల యుంచవలె?

ఛార్జరు విషయమున పొదుపు పనికిరాదు. గోడలోని కరెంటు 230 వోల్టులు. ఫోనునకు కావలసినది సామాన్యముగా 5 వోల్టులు. ఈ రెంటికి నడుమ అడ్డుగోడ ఛార్జరే. సంతలో ఏబదిరూపాయలకు దొరకు నాసిరకపు ఛార్జరులో ఆ యడ్డుగోడ బలహీనముగా నుండవచ్చును. అది తెగినచో గోడలోని కరెంటు ఫోనునకును, ఫోను పట్టుకొన్న చేతికిని వచ్చును. ఛార్జింగునం దున్న ఫోనులో మాటలాడుచు ప్రాణాపాయము తెచ్చుకొనుటకు మూలము చాలవఱకు ఇట్టి ఛార్జరే. మన దేశమున ఛార్జరులకు భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు తప్పనిసరి. ఛార్జరుమీద ఆ సంస్థ గుర్తును, ఆర్ అను ఆంగ్లాక్షరముతో మొదలగు ఎనిమిదంకెల సంఖ్యయు ఉన్నవేమో కొనునపుడు చూడుడు. తోలు చీలిన తీగెకు గుడ్డపేలిక చుట్టి వాడుకొనుట మానుడు. తడిచేతితో ముట్టవలదు.

ఫోను వెనుకభాగ ముబ్బినట్లున్నను, అద్దము అంచున లేచినట్లున్నను, లోపల వాయువు చేరి బ్యాటరీ యుబ్బినదని తెలియవలెను. అట్టిదానిని మరల ఛార్జింగునకు పెట్టరాదు, నొక్కరాదు, సూదితో పొడువరాదు. ఆపివేసి, మండు వస్తువులకు దూరముగ నుంచి, పనివాని యొద్దకు పంపవలయును. ఫోను వేడెక్కినదని ఫ్రిజ్జిలో పెట్టుట కొన్ని యిండ్లలో చూచుచున్నాము. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక యూడినట్లు, లోపల చెమ్మపట్టి ఫోనే చెడును. తొడుగు తీసి, తీగె తీసి, ఫంకా క్రింద నేలమీద కొంతసేపు విడుచుట చాలును.

చలిదేశములలో నున్న మన ఆడపడుచులకు మాత్రము వేఱొక మాట. శీతకాలమున కారులో రాత్రియెల్ల విడిచిన ఫోనును, అది గడ్డకట్టు చలిలో నున్నపుడు, వెంటనే ఛార్జింగునకు పెట్టవలదు. అంత చలిలో లిథియము గ్రాఫైటులోనికి చొరలేక పైననే పేరుకొనును. అదియు హానియే. గదిలో వెచ్చబడనిచ్చి పిదప పెట్టుడు.

కరెంటు బిల్లును గూర్చిన మూడవపక్షము మిగిలినది. 5000 మిల్లియాంపియర్ గంటల బ్యాటరీ పూర్తిగా నిండుటకు, దారిలో పోవు నష్టముతో కూడ, సుమారు 25 వాట్ గంటలు పట్టును. వేయి వాట్ గంటలైన ఒక యూనిట్టు. అనగా ఒక యూనిట్టుతో ఇంచుమించు నలుబదిసార్లు నింపవచ్చును. దినమున కొకసారి చొప్పున సంవత్సరమంతటికిని 9 లేక 10 యూనిట్లు. నిండిన పిదప తెల్లవార్లు ఉండుటచే నగు ఖర్చు లెక్కింపదగినది కాదు. కరెంటు ఆదా చేయదలచినవారు నీళ్లు కాచు గీజరును కొంచెము ముందుగా ఆపినచో ఫోనుకంటె ఎన్నో రెట్లు మిగులును.

కడపట నొక మాట. ఎంత జాగ్రత్త పడినను బ్యాటరీ శాశ్వతము కాదు. ఆపిల్ వారు ఐఫోను 14 వఱకు గల ఫోనుల బ్యాటరీ 500 చుట్ల పిదప 80 శాతము బలము నిలుపునట్లు చేసితిమని, ఐఫోను 15 మొదలు 1000 చుట్లకు పెంచితిమని చెప్పుచున్నారు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమ్మకమునకు వచ్చు ఫోనుల బ్యాటరీలు 800 చుట్ల పిదపను 80 శాతమైన నిలుపవలయునని నియమము వచ్చినది. కనుక మూడు నాలుగేండ్లకు బలము తగ్గినచో అది మన తప్పు కాదు. వత్తి కాలి తఱిగినట్లే. వత్తి తఱిగినదని దీపపుబుడ్డిని పాఱవేయుదుమా? బ్యాటరీ మాత్రము మార్పించినచో పెక్కు ఫోనులు మరల రెండేండ్లు సుఖముగా నడచును. నమ్మదగిన చోట, ఆ సంస్థవారి బ్యాటరీనే వేయించుడు. తీసిన పాతదానిని చెత్తబుట్టలో వేయక వారికే యిచ్చి రండు. 2022నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములనుబట్టి పాత బ్యాటరీలను వేఱుగా నుంచి యిచ్చుట మనకును, వానిని తిరిగి సేకరించు నేర్పాటు చేయుట ఉత్పత్తిదారులకును విధి.

కావున ఈ రాత్రియే చేయదగిన పనులు నాలుగు. బ్యాటరీ సెట్టింగులో 80 శాతపు హద్దును పెట్టుడు. పడుకగదికి వెలుపల, గాలి తగులుచోట, చెక్కబల్లమీదనో నాపరాతి గట్టుమీదనో అన్ని ఫోనులకు ఒక స్థాన మేర్పఱచి, వృద్ధులున్న యింట పిలుపు వినబడునంత దూరమున నుంచుడు. ఛార్జింగు వేళ దట్టపు తొడుగును తీయుడు. ఇంటిలో ఎవరి ఫోనును వారే అచ్చటికి తెచ్చి పెట్టుట, వారే తీసికొనుట యను నియమమును పిల్లలకును, పిల్లల తండ్రికిని కూడ నేర్పుడు. ఆ పిదప అలారమును ఉదయమునకు మాత్రమే పెట్టుకొని నిద్రింపుడు.

వచ్చు మాసమున ఇన్వర్టరు బ్యాటరీకి ఏ నీరు, ఎప్పుడు, ఎంత పోయవలయునో ముచ్చటింతము.